శామ్యూల్ పీప్స్ దొర

పరీక్షలు సమీపించినప్పుడు, ఈ పరీక్షలను ఎవరు కనిపెట్టిరో గదా యని విద్యార్థులు విసుగుకొనుట ఉపాధ్యాయులకు క్రొత్త కాదు. పరీక్షలన్నిటికిని మూలపురుషుడెవడో చెప్పుట సులభము కాదు. కాని, పరీక్షలో నెగ్గనివాడు ఎంత గొప్పవాని కుమారుడైనను యుద్ధనౌకలో అధికారి కారాదని ఇంగ్లండు దేశమున కట్టుబాటు చేయించినవాని చరిత్రము చెప్పవచ్చును. ఆయన పేరు శామ్యూల్ పీప్స్. ఇందులో వింత యేమనగా, ఆయన నౌకాశాఖలో ప్రవేశించిన దినమున ఓడలను గూర్చి యేమియు నెరుగడు. ఏ పరీక్షయు ఇచ్చి యుండలేదు. గుణకారపు ఎక్కములు సైతము ఆయనకు రావు. బంధువు సిఫారసు చేతనే ఆ యుద్యోగము దొరకెను. సిఫారసుచే లోపలికి వచ్చినవాడు సిఫారసునకు తలుపు మూసిన విధమే ఈ చరిత్రములోని సారము.

యుద్ధమనగానే మనకు సేనానులును, ఫిరంగులును, జెండాలును జ్ఞప్తికి వచ్చును. సేనకు గోధుమలు కొనువాడును, త్రాళ్లు పరీక్షించువాడును, ఉగ్రాణములోని పీపాలు లెక్కించువాడును జ్ఞప్తికి రారు. అయినను పుచ్చిన త్రాడు గాలివానలో తెగినప్పుడు మునిగిపోవునది దానిని కొన్న గుమాస్తా కాదు, నావికుడు. కుళ్లిన మాంసమును పీపాలో నింపించిన వర్తకుడు ఇంట సుఖముగ భోజనము చేయుచుండగా, నడిసముద్రమున ఆ పీపా తెరచినవాడు పస్తుండవలెను. ఐగుప్తు దేశమున యోసేపు ధాన్యము కూర్చి ఒక జనమంతటిని బ్రదికించిన వృత్తాంతము మన విద్యార్థులందరును ఎరిగినదే. సమృద్ధి గల దినములలో సరిగా కొలిచి, సరిగా దాచి, సరిగా పంచిపెట్టుట యెంత పవిత్రమైన పనియో ఆ కథ తెలుపుచున్నది. పీప్స్ దొర పనియు అట్టిదే. అయితే ఆయన యోసేపువలె నిష్కళంకుడు కాడు. ఆయన తప్పులను కూడ ఈ వ్యాసమున దాచలేదు.

శామ్యూల్ పీప్స్ 1633 సం॥ ఫిబ్రవరి 23వ తేదీని లండను నగరమున జన్మించెను. తండ్రి బట్టలు కుట్టు దర్జీ. తల్లి పెండ్లికి పూర్వము పరుల యింట బట్టలుతుకు దాసిగా నుండెను. వారికి పదునొకండుగురు బిడ్డలు కలిగిరి గాని, వారిలో పలువురు చిన్నతనముననే చనిపోయిరి. పేదయింట పుట్టినను బాలుడు చురుకైనవాడగుటచే సెయింటు పాల్సు పాఠశాలలో చదివి, విద్యార్థి వేతనముల సాయమున కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన మాడ్లిన్ కళాశాలలో చేరి, 1654లో పట్టము పొందెను. లాటిన్ భాషయు, సాహిత్యమును, సంగీతమును చక్కగా నేర్చెను. గణితము మాత్రము ఆ కాలపు పాఠశాలలలో మిక్కిలి తక్కువగా నేర్పెడివారు. కావున పట్టభద్రుడైనను ఆయన లెక్కలలో పసివాడే.

1655లో ఆయన ఎలిజబెత్ అను ఫ్రెంచి ప్రొటెస్టంటు వంశపు బాలికను వివాహమాడెను. ఆయనకు చిన్ననాటినుండి మూత్రాశయమున రాయి పెరిగి భరింపరాని బాధ కలుగుచుండెను. 1658 మార్చి 26వ తేదీని వైద్యులు దానిని కోసి తీసిరి. మత్తుమందులు లేని ఆ కాలమున అట్టి శస్త్రచికిత్సకు ఒప్పుకొనుట ప్రాణముపై ఆశ వదలుకొనుటయే. ఆయన బ్రదికెను. ఆ తేదీ వచ్చినప్పుడెల్ల మిత్రులను పిలిచి విందుచేసి దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించుట ఆయనకు నియమమాయెను.

ఎడ్వర్డు మాంటేగు అను నౌకాసేనాని ఆయనకు దగ్గర బంధువు. 1660లో రెండవ చార్లెసు రాజును హాలెండు నుండి తోడ్కొని వచ్చుటకు మాంటేగు ఓడలతో పోవుచు పీప్సును కార్యదర్శిగా వెంట తీసికొనిపోయెను. రాజు సింహాసనమెక్కిన పిమ్మట మాంటేగునకు శాండ్విచ్ ప్రభువను బిరుదు కలిగెను. ఆ ప్రభువు మాటమీద పీప్సునకు నౌకాకార్యాలయమున సభ్యత్వముతో కూడిన వ్రాతపని దొరకెను. సంవత్సరమునకు 350 పౌనుల జీతము. కార్యాలయమును, నివాసగృహమును లండనులోని సీథింగ్ లేను అను వీధిలో నుండెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియేడు.

ఆ నౌకాకార్యాలయము చేయు పని యెట్టిది? ఇంగ్లండు దేశపు యుద్ధనౌకలను కట్టించుట, బాగుచేయించుట, వాటికి కావలసిన కలప, స్తంభములకు తగిన పొడవైన కొయ్యలు, జనుము, కీలు, తెరచాప గుడ్డ, లంగరులు మొదలగునవి కొనుట, నావికులకు భోజనమును జీతములను సమకూర్చుట. ఆ దేశమున అంత ధనము వ్యయపరచు శాఖ మరియొకటి లేదు. స్తంభపు కొయ్యలు నార్వే నుండియు, జనుము బాల్టిక్ సముద్ర తీరమందలి రీగా పట్టణమునుండియు, తుపాకిమందునకు కావలసిన సురేకారము మన హిందూదేశమునుండియు ఓడలలో పోవుచుండెను. ఒక్క గుత్త కాగితముమీద వేలకొలది పౌనులు చేతులు మారెడివి. సరకును చూచి మంచిచెడ్డలు నిర్ణయింపలేని అధికారి ఆ కాగితముపై చేవ్రాలు చేసినచో మోసపోవునది రాజు, చచ్చునది నావికుడు.

పీప్సు కొలదికాలములోనే తన అజ్ఞానమును గుర్తించెను. గుత్తదారులు తన యెదుట లెక్కలు చెప్పుచుండగా తల యూచుట తప్ప తనకు వేరు గతి లేదని సిగ్గుపడెను. ఇట్టి స్థితిలో పెక్కుమంది అధికారులు గుమాస్తాలపై భారము వైచి కాలము గడుపుదురు. ఆయన అట్లు చేయలేదు. 1662 జూలైలో కూపర్ అను ఒక ఓడ ఉద్యోగిని గురువుగా కుదుర్చుకొనెను. కూపరు పెద్ద పదవిలోనివాడు కాడు. సముద్రముమీద తిరిగి పని నేర్చినవాడు. ఇరువదితొమ్మిదేండ్ల వయస్సున, కేంబ్రిడ్జి పట్టభద్రుడు, రాజోద్యోగి, తెల్లవారకముందే లేచి దీపము వెలుతురున గుణకారపు ఎక్కములు వల్లెవేసెను. లెక్కలన్నిటిలో తనకు ఎక్కములే కష్టముగ నుండెనని తన దినచర్యలో దాపరికము లేక వ్రాసికొనెను. మన రెండవ తరగతి బాలురు విన్నచో నవ్వుదురు. కాని నవ్వదగినవాడు ఎక్కములు రానివాడు కాడు; రావని తెలిసియు నేర్వనివాడు.

ఎక్కములు వచ్చిన తరువాత కూపరే ఆయనకు ఓడ నమూనా చూపి, ఏ త్రాడు దేనికి, ఏ కొయ్య ఎచ్చట నుండునో బోధించెను. ఆంథొనీ డీన్ అను ఓడలు కట్టు నేర్పరి ఆయనను అడవికి తీసికొనిపోయి, నరికిన చెట్లను కొలుచునప్పుడు వర్తకులు రాజును ఎట్లు వంచించుచుండిరో కన్నులార చూపెను. కలప కొలుచుటకు వాడు స్లైడు రూలును పీప్సు జేబులో పెట్టుకొని తిరుగుట మొదలుపెట్టెను. 1662 జూన్ నెలలోనే, ఎక్కములు నేర్చుటకు ముందే, వూలిచ్ పట్టణమందలి త్రాళ్ల కర్మాగారమునకు సహోద్యోగులతో పోయి, హాలెండు నూలును రీగా నూలును బరువులు వ్రేలాడగట్టించి పరీక్షించి చూచెను. రీగా నూలు పోగులు నాలుగు, హాలెండు నూలు పోగులైదింటికంటె గట్టిగా నుండెను. అంతేకాక హాలెండు సరకులో కీలు పూసిన పాత జనుమును లోపలపెట్టి పైన క్రొత్త జనుము చుట్టి యుండుట బయటపడెను. ఆ త్రాటిని నమ్మి తెరచాప యెక్కిన నావికుని గతి ఏమి కావలసి యుండెనో పాఠకులే ఊహించుకొందురు గాక.

ఇంతవరకు ఆయన గుణములు. ఇక లోపములు. ఆయన 1660 జనవరి 1వ తేదీనుండి 1669 మే 31వ తేదీవరకు ప్రతిదినము తన నడతను సంకేతలిపిలో వ్రాసికొనెను. అందు తన గౌరవమును కాపాడుకొనుటకు ప్రయత్నింపలేదు. గుత్తదారులనుండి తాను పుచ్చుకొన్న కానుకలను అందు లెక్కతోకూడ వ్రాసెను. 1663 ఏప్రిలులో ఒకడు కవరులో ధనమిడి పంపగా, కవరును తలక్రిందుగా వంచి నాణెములన్నియు రాలిపోవువరకు లోపలికి చూడలేదట. ఎందుకనగా, తరువాత ఎవరైనను అడిగినచో, తాను కాగితములో ధనమును చూడలేదని చెప్పుటకు! 1664 ఫిబ్రవరిలో కొయ్యల వర్తకుడొకడు ఆయన భార్యకు చేతితొడుగులని చెప్పి యిచ్చిన పొట్లములో నలువది బంగారు నాణెములుండెను. ఆయన వాటిని తిరిగి పంపలేదు. భార్యయెడల కూడ ఆయన నమ్మకముగ నడువలేదు, ఆ సంగతియు తానే వ్రాసి పశ్చాత్తాపపడెను, మరల పడిపోయెను.

కానుకలను గూర్చి ఆయన తన మనస్సునకు చెప్పుకొన్న సమాధానమొకటి గలదు. రాజునకు లాభమగు గుత్తకే తాను సమ్మతింతుననియు, అటువంటప్పుడు వర్తకుడు సంతోషమున ఇచ్చునది పుచ్చుకొన్న తప్పు లేదనియు ఆయన తలంపు. ఆ కాలపు ఉద్యోగులలో అనేకులు ఇంతమాత్రపు విచారణయు చేసికొనెడివారు కారు. అయినను, కవరులోనికి చూడని కన్నులు తప్పును ఎరిగినవే గదా! నేర్పు వేరు, నీతి వేరు. ఎక్కములు నేర్చినవాడెల్ల న్యాయమైన త్రాసును పట్టునని చెప్పరాదు. కావున విద్యకు పరీక్ష యెంత అవసరమో, లెక్కలకు తనిఖీయు అంత అవసరమని ఆయన జీవితమే మనకు బోధించుచున్నది.

1665లో ఇంగ్లీషువారికిని డచ్చివారికిని యుద్ధము మొదలాయెను. ఈ యుభయులును మన మచిలీపట్టణమున సైతము వర్తకశాలలు కట్టి పోటీపడుచుండినవారే. అదే సంవత్సరము లండనులో మహామారి వ్యాపించి వేలకొలది జనము చచ్చిరి; 1666లో గొప్ప అగ్నిప్రమాదము నగరమును కాల్చివేసెను. ఆ దినములలో నావికుల స్థితి దుర్భరముగా నుండెను. నియమము ప్రకారము ప్రతి నావికునికిని దినమునకు ఒక పౌను బిస్కత్తులును, ఒక గ్యాలను బీరును, వారమునకు ఇంతయని మాంసమును, చేపలును, బఠానీలును ఇయ్యవలెను. నియమము కాగితముమీద నుండెను. ఆహారము పీపాలలో లేకుండెను. పంపిణీ యెక్కడ నిలిచిపోవుచున్నదో కనిపెట్టుటకు ప్రతి రేవునను ఒక తనిఖీదారుండవలెనని పీప్సు 1665లో సూచించెను. ప్రభుత్వము ఆ పనిపై ఆయననే పెద్దగా నియమించెను. ఓడలో భోజనసామగ్రి పంచు పర్సరు తప్పుడు లెక్కలు వ్రాయుటకు ఎట్లు ప్రేరేపింపబడుచుండెనో, దానిని మాన్పుటకు జీతము, లెక్కలు ఎట్లు మార్పవలెనో వివరించుచు 1666 జనవరి 1వ తేదీని ఒక దీర్ఘమైన నివేదిక వ్రాసెను.

అయినను ఖజానాలో ధనము లేదు. నావికులకు జీతమునకు మారుగా చీటీలు ఇచ్చిరి. చీటీలను నగదుగా మార్చుకొనుటకు వీలులేక వారు తక్కువ ధరకు అమ్ముకొనిరి. 1666 జూలై 10వ తేదీని హాలెండులో చెరపట్టబడిన నావికుల భార్యలును బంధువులును మున్నూరుమందికి పైగా నౌకాకార్యాలయపు ముంగిట చేరి ధనమునకై మొరలిడిరి, తిట్టిరి, శపించిరి. ఆ సాయంకాలము పీప్సు ఇంటివారు రాత్రి భోజనమునకై చేసికొన్న జింకమాంసపు వంటకమును కాల్చుటకు వీధిలోనికి పంపవలసి యుండగా, ఆకలిగొన్న ఆ స్త్రీలు దానిని లాగికొందురేమో యని భయపడిరి. ఏ హానియు జరుగలేదు. అందరును వెళ్లిన పిమ్మట పీప్సు ఒక బీదరాలిని ప్రక్కకు పిలిచి కొంచెము ధనమిచ్చెను. ఆమె దీవించి పోయెను. ఒక్కర్తెకు ఇయ్యగలిగెను, తక్కినవారు వట్టి చేతులతో పోయిరి. కార్యాలయమున ఒక కాగితము తప్పిపోయినచో ఎవరి యింట పొయ్యి ఆరిపోవునో ఆయన ఆ దినమున కన్నులతో చూచెను.

దాని ఫలము 1667 జూన్ నెలలో కనబడెను. డచ్చివారి ఓడలు మెడ్వే నదిలో జొరబడి, చాతము రేవునొద్ద ఇంగ్లీషువారి గొప్ప యుద్ధనౌకలను కాల్చి, రాజు పేరు పెట్టిన రాయల్ చార్లెస్ అను నౌకను లాగికొని పోయిరి. జీతములు లేక విసిగిన ఇంగ్లీషు నావికులు కొందరు ఆ డచ్చి ఓడలలోనే పనిచేయుచుండిరి. పార్లమెంటువారు కోపించి నౌకాకార్యాలయమువారిని విచారణకు పిలిచిరి. 1668 మార్చి 5వ తేదీని పీప్సు సభయెదుట నిలిచి మూడు గంటలకు పైగా ప్రతి యారోపణకును లెక్కలతో సమాధానము చెప్పెను. తక్కిన అధికారులకు కాగితములు కావలసి యుండగా ఆయనకు అంకెలు నోటికి వచ్చుచుండెను. ఆరేండ్లక్రిందట దీపము వెలుతురున నేర్చిన ఎక్కములు ఆ దినమున ఆయనను కాపాడెనని చెప్పిన అతిశయోక్తి కాదు.

1669లో కన్నులు పోవునేమో యను భయముచే ఆయన దినచర్య వ్రాయుట మానెను. ఆ సంవత్సరమే నవంబరులో భార్య జ్వరముచే చనిపోయెను; ఆమె వయస్సు ఇరువదితొమ్మిదేండ్లే. ఆయనకు సంతానము లేదు, మరల వివాహమాడలేదు. 1673లో రాజు ఆయనను నౌకాశాఖకంతకును ముఖ్య కార్యదర్శిగా నియమించెను. ఆ సంవత్సరముననే లండనులోని క్రైస్ట్స్ హాస్పిటల్ అను ధర్మపాఠశాలలో నలువదిమంది బీద బాలురకు గణితమును నౌకాయానమును నేర్పుటకు ఒక శాఖ స్థాపింపబడెను. దాని స్థాపనకు పాటుపడినవారిలో పీప్సు ఒకడు. పిదప ఆ పాఠశాల పాలకవర్గములో చేరి, ఉపాధ్యాయులు సరిగా బోధించుచున్నారా, బాలురు నిజముగ నేర్చుచున్నారా యని చూచుచుండెను. గొప్పింటి కుమారులకు అరుదైన విద్య తల్లిదండ్రులు లేని బాలురకు దొరకెను.

ఇక ఆయన చేసిన ముఖ్యకార్యమునకు వచ్చితిమి. ఆ కాలమున యుద్ధనౌకలలో రెండు తెగల అధికారులుండిరి. ఒక తెగవారు చిన్ననాటినుండి ఓడలో పెరిగి పని నేర్చినవారు. రెండవ తెగవారు ప్రభువుల కుమారులు. రాజసభలోని మిత్రుల జాబులు పట్టుకొని వచ్చి ఏకముగ అధికారులైనవారు. తుపానులో ఓడను నడుపుట ఎరుగనివాడు వందలమంది ప్రాణములకు అధిపతిగా నుండుట పీప్సు సహింపలేకపోయెను. 1677 డిసెంబరులో ఆయన యత్నమున రాజాజ్ఞతో క్రొత్త నిబంధన వెలువడెను. లెఫ్టినెంటు పదవి కోరువానికి ఇరువదియేండ్ల వయస్సు నిండి యుండవలెను. మూడేండ్లు సముద్రముమీద పనిచేసి యుండవలెను. అందు ఒక సంవత్సరము మిడ్‌షిప్‌మన్ అను చిన్న హోదాలో నుండవలెను. తాను పనిచేసిన కెప్టెనులనుండి నడవడిని గూర్చియు పనిని గూర్చియు పత్రము తేవలెను. అటుపిమ్మట అనుభవజ్ఞులయెదుట నిలిచి నౌకాయానమున పరీక్ష ఇయ్యవలెను. వయస్సు, అనుభవము, నడవడి, పరీక్ష అను ఈ నాలుగును కూడినగాని పదవి లేదు. ఆ కాలముననే ఓడలలోని పాదిరులకు సైతము బిషప్పు సమ్మతి యుండవలెనని నియమము చేసిరి. ఆత్మలను కాయువారికిని యోగ్యతాపరీక్ష వలదా?

గొప్ప వంశములవారికి ఈ నిబంధన రుచింపలేదు. ఒక సాధారణపు నావికుని కుమారుని ప్రక్కన తమ కుమారుడు నిలిచి ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసి వచ్చెను గదా! కాని, కొలది నెలలలోనే అర్హతలేని అభ్యర్థుల త్రొక్కిడి తగ్గినదని పీప్సు సంతోషించెను. పరీక్ష వచ్చిన యెడల తప్పుదుమని ఎరిగినవారు తమంత తామే రాకపోయిరి.

గొప్ప పనులు చేయువారికి శత్రువులు కలుగుదురు. 1679లో మతద్వేషము దేశమంతట రగులుచుండగా, పీప్సు రహస్యముగ రోమను కథోలికుడనియు, నౌకాశాఖ రహస్యములను ఫ్రెంచివారికి అమ్మెననియు అబద్ధపు నేరము మోపి ఆయనను టవర్ కోటలో చెరపెట్టిరి. ఆయన ధైర్యము వదలక, నేరము మోపినవాని పూర్వచరిత్రను గూర్చి దేశదేశములనుండి సాక్ష్యములు తెప్పించెను. ఇంటనుండి తాను వెళ్లగొట్టిన పూర్వపు సేవకుడు మరణశయ్యపై తాను చెప్పినది అబద్ధమని ఒప్పుకొనెను. 1680లో నేరము కొట్టివేయబడెను. పదవి మాత్రము అప్పటికి పోయెను.

ఆయన లేని ఆ యేండ్లలో అనుభవములేని వారు నౌకాశాఖను పాలించిరి. 1677లో పార్లమెంటువారు ఆరు లక్షల పౌనులు మంజూరుచేయగా కట్టిన ముప్పది క్రొత్త ఓడలు సముద్రము చూడకయే రేవులలో కుళ్లిపోవుచుండెను. 1684లో పీప్సు మరల నియమింపబడి వాటిని చూడబోగా, గాలి సోకక, ఊడ్చువారు లేక, అడుగుభాగములలో పిడికిలియంత పుట్టగొడుగులు మొలచి యుండెను. ఆయన వాటిని తన చేతులతోనే పీకి చూచెను. శత్రువు ఒక్క గుండు పేల్చకయే ఓడలు పాడైపోయెను. 1686లో ఆయన ఒక ప్రత్యేకసంఘమును ఏర్పరచి, అందులో హోదాను బట్టిగాక నేర్పును బట్టి మనుష్యులను చేర్చెను. పూర్వము అడవిలో తనకు కలప కొలుచుట నేర్పిన ఆంథొనీ డీనే ఆ సంఘమున ముఖ్యుడు. శిష్యుడు అధికారియై గురువును మరచిపోలేదు. కొలది సంవత్సరములలోనే పెక్కు ఓడలు బాగుపడెను. ఆ దినములలోనే ఆయన రాయల్ సొసైటీ అను శాస్త్రజ్ఞుల సంఘమునకు అధ్యక్షుడుగా నుండెను. 1687లో వెలువడిన న్యూటను మహాగ్రంథపు ముఖపత్రముపై అధ్యక్షుని పేరుగా పీప్సు పేరు అచ్చుపడినది. ఎక్కములు ఆలస్యముగ నేర్చినవానికి ఇంతటి గౌరవము!

1688లో రెండవ జేమ్సు రాజు దేశము విడిచి పారిపోయెను. తాను సేవించిన రాజునకు చేసిన ప్రమాణమును మీరనొల్లక పీప్సు 1689లో పదవిని వదలుకొనెను. 1690లో నౌకాశాఖ స్థితిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. 1703 మే 26వ తేదీని క్లాపం అను గ్రామమున, పూర్వము తన గుమాస్తాయైన విల్ హ్యూయరు ఇంట ప్రాణము విడిచెను. ప్రభుత్వము ఆయనకు అప్పటికి 28,000 పౌనులకు పైగా బాకీపడి యుండెను. ఆ బాకీ తీరలేదు. నావికుల చీటీలవలెనే ఆయన లెక్కయు మిగిలిపోయెను. ఆయన కూర్చిన మూడువేల పుస్తకములు తన పూర్వ కళాశాలకు చేరెను. వాటిలోనే సంకేతలిపి దినచర్యయు నుండెను. జాన్ స్మిత్ అను విద్యార్థి మూడేండ్లు శ్రమించి దానిని సాధారణలిపిలోనికి మార్చగా 1825లో కొంత భాగము అచ్చుపడెను. అప్పటినుండియే లోకమునకు ఆయన గుణదోషములు రెండును తెలిసినవి.

ఆయన నాటిన విత్తనము నెమ్మదిగా పెరిగెను. 1677 నిబంధన సముద్రముపై అధికారులకే గాని, సరకు కొను గుమాస్తాలకు వర్తింపలేదు. వారి నియామకము చాలకాలము సిఫారసుల మీదనే జరుగుచుండెను. 1854లో క్రిమియా యుద్ధమున ఇంగ్లీషు సైనికులు చలిలో ఆకలిచే కృశించిరి. వేయించని పచ్చి కాఫీగింజలను వారికి పంచిపెట్టిరి. ఆ పంపిణీశాఖపై అప్పుడు పెత్తనము చేసిన ఖజానా ఉద్యోగి చార్లెసు ట్రెవీలియన్. ప్రభుత్వోద్యోగములు పరీక్షల మూలముననే ఇయ్యవలెనని 1854లో నార్త్‌కోట్‌తో కలిసి నివేదిక వ్రాసినవాడును ఆయనయే; తరువాత 1859లో చెన్నపురి గవర్నరుగా వచ్చెను. 1855లో ఇంగ్లండున గుమాస్తాల యోగ్యతను పరీక్షించుటకు సంఘమేర్పడెను. అమెరికా దేశమున 1990లో కాంగ్రెసు సభవారు, సైన్యమునకు సామగ్రి కొనువారును, గుత్తలు కుదుర్చువారును, సరఫరా నడుపువారును విద్య, శిక్షణ, అనుభవము అను మూడింటియందును నిర్ణీతమైన అర్హత కలిగియుండవలెనని శాసనము చేసిరి. ఆ శిక్షణకై ఒక విశ్వవిద్యాలయమునే స్థాపించిరి. పీప్సు దీపము వెలుతురున తనంత తాను చేసిన పని, మున్నూరేండ్లకు పైగా గడచిన తరువాత చట్టమాయెను.

విద్యార్థులారా! మీలో కొందరు సైన్యమున చేరుదురో లేదో నేను చెప్పజాలను. కాని పెక్కుమంది ఎప్పుడో ఒకప్పుడు పరుల ధనముతో పరులకొరకు కొనువారగుదురు. ఒకరు ఆసుపత్రికి మందులు కొందురు. ఒకరు వసతిగృహమునకు బియ్యము కొందురు. ఒకరు గ్రామపు వంతెనకు ఇనుము కొందురు. ఆ దినమున మీ చేవ్రాలు కాగితముమీద పడును. దాని ఫలము మీరెన్నడును చూడని వారి మీద పడును. మీకు తెలియనిది తెలియదని ఒప్పుకొని, చిన్నవాని యొద్దనైనను నేర్చుకొనుటకు సిగ్గుపడకుడు. కవరులోనికి చూడక వంచవలసిన కానుక యేదైనను వచ్చినచో, దానిని వంచక పంపివేయుడు.

తలిదండ్రులకును ఒక మనవి. బిడ్డనికి ఉద్యోగము కొరకు సిఫారసు జాబు సంపాదించుట ప్రేమగానే కనబడును. కాని ఆ జాబుతో వానికి దొరకునది పదవి మాత్రమే. పదవి మోయు బలము జాబులో లేదు. ఆ బలమును పీప్సు తెల్లవారుజామున ఎక్కములలో వెదకి సంపాదించెను. తాను పొందిన సులభమార్గమును తన వెనుక వచ్చువారికి మూసివేయుట కృతఘ్నత కాదు. సీథింగ్ లేను ముంగిట వట్టి చేతులతో మరలిపోయిన మున్నూరుమంది స్త్రీలకు అది ఆయన చెల్లించిన ఋణము.